ఫ్రెండ్‌ని 11 రోజులుగా గదిలో బంధించారు, కోర్టుకి నేను వెళ్లొచ్చా?

గాజువాకలో ఉండే నా ఫ్రెండ్‌కి 23 ఏళ్లు. వేరే కులం అబ్బాయిని చేసుకుంటానన్నందుకు 11 రోజులుగా గదిలో పెట్టి తాళం వేశారు, ఫోన్ లాక్కున్నారు, కొడుతున్నారు. పరువు తీస్తే చంపేస్తామని వాళ్లన్నయ్య అన్నాడట, ఆదివారం రాత్రి కిటికీలోంచి పక్కింటావిడ ఫోన్ తీసుకుని రెండు నిమిషాలు మాట్లాడింది, అంతే. 112కి చేశాను. పోలీసులు వచ్చి గుమ్మంలోనే వాళ్ల నాన్నతో మాట్లాడి, ఇంటి గొడవ అని వెళ్లిపోయారు, దాన్ని విడిగా పిలిచి అడగనే లేదు. స్టేషన్‌లో రాసిచ్చినా బంధువులే రావాలన్నారు. కొడుతున్నదే వాళ్లు, ఇంకెవరొస్తారు? ఇలాంటివాళ్ల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ ఉండాలని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా. టెన్షన్‌తో నిద్ర లేదు. బంధువుని కాని నేను హైకోర్టులో హెబియస్ కార్పస్ (అక్రమంగా బంధించిన మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని అడిగే పిటిషన్) వేయడానికి, విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుందా?