వెనక గ్రిప్ కోసం ముందు డబ్బు దేని మీద పెట్టాలి: సస్పెన్షనా, టైర్లా?

పాతబండి:
నాది వెనక చక్రాలు లాగే పాత సెడాన్. వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు), ఈమధ్యే బలమైన ఇంజిన్ ఎక్కించా. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే వెనక దడదడా ఎగురుతోంది, తడి రోడ్డు మీద మలుపులో తోక పక్కకి జారుతోంది. షాక్‌లు, బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగులు) ముందా, టైర్లు ముందా? పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే సౌండ్ వస్తుందా? వెనక రెండు టైర్లే మారిస్తే చాలా?

టార్క్‌పిచ్చి:
టైర్లే బ్రదర్. రోడ్డుని తాకేది అవొక్కటే కదా. నేను 205/55 ఆర్16 (మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో) తీసేసి 225/50 ఆర్16 వేశా, ఎత్తు దాదాపు అంతే కాబట్టి స్పీడోమీటర్ కూడా తేడా చూపించట్లేదు. వెడల్పు పెరిగితే రోడ్డుకి ఆనే భాగం పెరుగుతుంది, పట్టు పెరుగుతుంది. ఇందులో ఆలోచించడానికేం లేదు.

షెడ్డుమనిషి:
ఆనే భాగం పెరుగుతుందని ఎవరు చెప్పారండీ? బండి బరువు అదే, లోపలి గాలి అదే అయినప్పుడు ఆ వైశాల్యం ఇంచుమించు అంతే ఉంటుంది. పొడవు తగ్గి అడ్డం పెరుగుతుంది, ఆకారం మారుతుంది, అంతే. మీకు పట్టు పెరిగిందంటే కొత్త రబ్బరు వల్ల పెరిగింది. టైరు పక్క గోడ మీద ట్రెడ్‌వేర్ అంకె (ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది) చూసుకోండి, 200 ఉన్న టైరు సాధారణంగా 500 ఉన్నదానికంటే మెత్తన, త్వరగా అరుగుతుంది కానీ పట్టుకుంటుంది.

టార్క్‌పిచ్చి:
అలాగైతే రేసు బండ్లకి వెనక అంతంత వెడల్పు టైర్లు ఎందుకు పెడతారు, అందం కోసమా? వేసి నడిపినవాణ్ణి నేను, లెక్కలు చెప్పకండి.

షెడ్డుమనిషి:
మెత్తటి రబ్బరు వేడెక్కి పాడవకుండా ఆ పని ఎక్కువ వెడల్పు మీదికి పంచాలి, ఒక కారణం అది. పొద్దున లేస్తే నేను చేసేది సస్పెన్షన్ పనే, లెక్క తెలియకుండా పనిచేయను. వెడల్పు వద్దనట్లేదు, మలుపుల్లో మేలే. కారణం తప్పు చెబితే ఈ కుర్రాడు తప్పు టైరు కొంటాడు, నా బాధంతా అదే.

వానరోడ్డు:
అతను తడి రోడ్డు అన్నాడు, మీరిద్దరూ రేసు ట్రాక్ ఎక్కారు. వెడల్పు టైరు నిలిచిన నీళ్ల మీద త్వరగా తేలుతుంది, ఆ మాట ఎవరూ చెప్పరేం? పాతబండి గారూ, ముందు మీ టైరు మీద తయారీ తేదీ చూడండి, చివరి నాలుగు అంకెలు 2317 అని ఉంటే 2017లో 23వ వారం. బటన్లు బాగానే కనిపించినా పాత రబ్బరు గట్టిపడిపోతుంది, ఇక వానలో ఏ సస్పెన్షనూ కాపాడదు.

మలుపులమోజు:
వెనక లావుపాటి యాంటీ రోల్ బార్ (మలుపులో బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) వేయించండి. నా బండికి వేయించాక మలుపుల్లో ఎంత చురుగ్గా తిరుగుతోందో, డబ్బు దండగ అనిపించనే లేదు!

కమాన్‌కట్ట:
మీది ముందు చక్రాలు లాగే బండేనా? అయితే మీకు పనిచేస్తుంది, వెనక పట్టు తగ్గిస్తేనే అది తిరుగుతుంది కాబట్టి. తోక జారుతోందని మొత్తుకుంటున్న మనిషికి అదే సలహా ఇస్తే బండి గిర్రున తిరిగి గట్టుకి కొట్టుకుంటుంది. దయచేసి బండి ఏంటో చదివి రాయండి.

మలుపులమోజు:
కొంచెం మర్యాదగా చెప్పొచ్చు కదా. నా అనుభవం నేను రాశా.

కమాన్‌కట్ట:
ప్రాణాల విషయం కాబట్టే గట్టిగా అన్నా. ఇక ఎవరూ ముట్టుకోని అసలు సంగతి. ఆ దడదడ టైరుది కాదు, కట్టది. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పడగానే వెనక యాక్సిల్ హౌసింగ్ వెనక్కి మెలి తిరుగుతుంది, కట్ట పట్టీలు ఎస్ ఆకారంలో వంగి మళ్లీ విదిలించుకుంటాయి, చక్రం ఒకసారి రోడ్డుని పట్టి మరోసారి వదులుతుంది. దీనికి ట్రాక్షన్ బార్లు ఉన్నాయి, హౌసింగ్ మెలి తిరగకుండా ఆపుతాయి. నా బండికి అవి వేశాక ఆ ఎగరడం పోయింది, టైర్లు మార్చకుండానే. కిందికి దించడానికి కట్టకీ హౌసింగ్‌కీ మధ్య దిమ్మలు పెట్టారేమో చూడండి, అవి ఉంటే మెలి ఇంకా పెరుగుతుంది. ఇలాగే నడిపితే యూనివర్సల్ జాయింట్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలు) పోతుంది.

నాలుగోగేరు:
మీ అందరికంటే తేలిక దారి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారితే బలం అటే పోతుంది, రెండోది ఊరికే ఉంటుంది, ఇది అలా పోనివ్వదు. అన్నట్టు నాది ముందు డ్రైవే, వెనకవి బాగున్నాయి కాబట్టి కొత్త టైర్లు ముందు వేద్దామనుకుంటున్నా, ఎవరైనా చెప్పండి.

వానరోడ్డు:
వద్దు! ఏ డ్రైవ్ అయినా సరే, రెండే కొంటే కొత్తవి వెనకే. ముందు జారితే స్టీరింగ్‌తోనూ బ్రేకుతోనూ కొంత సర్దుకోవచ్చు, వెనక జారితే మామూలు డ్రైవర్ చేతిలో ఏమీ ఉండదు.

టార్క్‌పిచ్చి:
ఈ మాట మాత్రం నిజం. వెడల్పు సంగతి నేనింకా ఒప్పుకోలేదు.

పాతబండి:
కమాన్‌కట్ట అన్నా, కిందకెళ్లి చూశా, రెండు వైపులా దిమ్మలున్నాయి. టైర్ల తేదీ చూస్తే నాలుగూ పాతవే. దిమ్మలు తీసేసి బార్లు వేయిస్తా, టైర్లు నాలుగూ మారుస్తా. బుష్‌ల గురించి ఎవరూ చెప్పలేదు.

షెడ్డుమనిషి:
పాలీ బుష్ గ్రీజు ఎండితే కీచుమంటుంది, కుదుపు కూడా కొంచెం ఎక్కువే లోపలికి తెలుస్తుంది. రోజూ తిరిగే బండికి కొత్త రబ్బరు బుష్‌లు చాలు. దిమ్మలు తీస్తే కట్టని హౌసింగ్‌కి బిగించే యూ బోల్టులు పొట్టివి కొత్తవి వేయించండి, పాతవి మళ్లీ వాడొద్దు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండి బరువు చక్రాల మీద ఉండగానే మళ్లీ బిగించాలి, ఆ పని మర్చిపోవద్దు.