‘సార్వకాలిక సర్వశ్రేష్ఠ’ అనవచ్చా?

ప్రశ్న:

నమస్కారం. మహిళా గోల్ఫ్ మీద వ్యాసం రాస్తున్నాను. బేబ్ జహారియాస్ మొదలుకొని లిడియా కో వరకు వేర్వేరు తరాల వారిని పోల్చి, చివరికి ఒకరికి పట్టం కట్టాలి. ఆ పట్టానికి తగిన మాట దొరకడం లేదు. ‘ఆల్ టైమ్ గ్రేట్’ అని రాయబుద్ధి కావడం లేదు. ‘సార్వకాలిక సర్వశ్రేష్ఠ క్రీడాకారిణి’ అంటే శిలాశాసనం చదువుతున్నట్టుంది. ‘అత్యుత్తమ’ అసలు తప్పని ఒకరు అన్నారు. పెద్దలు దారి చూపగలరు.

జవాబు:

‘అత్యుత్తమ’ను తప్పు పట్టేవారి వాదన ఇదీ. సంస్కృతంలో ఇద్దరిలో ఒకరిని ఎక్కువ చేసి చెప్పడానికి ‘తర’, అందరిలో ఒకరిని ఎక్కువ చేసి చెప్పడానికి ‘తమ’ చేరుతాయి. ఆ రెండూ కలిసినదే మన ‘తరతమ భేదం’. ‘తారతమ్యం’ పుట్టింది కూడా అందులోంచే. ‘ఉత్తమ’లో ‘తమ’ ఎలాగూ ఉంది కాబట్టి దాని ముందు మళ్లీ ‘అతి’ ఎందుకని వాళ్ల ప్రశ్న. ‘శ్రేష్ఠ’ కూడా అంతే, శిఖరం మీద ఉన్న మాటే. దాని నెత్తిన ‘సర్వ’ పెట్టి, ముందు ‘సార్వకాలిక’ తగిలించడం అంటే మేడ మీద మేడ. వాడుకలో స్థిరపడిన మాటలను తప్పనే పట్టుదల నాకు లేదు. అయితే మాట బరువు పెరిగినంత మాత్రాన పోలిక బలపడదు.

తెలుగు విశేషణానికి ఇలాంటి ప్రత్యయాలు లేవు. ‘కంటే’ అనో ‘లోకెల్లా’ అనో చెప్పి పని జరుపుకుంటాం. ‘కంటే’కు ఎదుటి మనిషి కావాలి, ‘లోకెల్లా’కు ఒక గుంపు కావాలి. గుంపులోంచి ఒకరిని వేరుచేసి చెప్పడాన్ని వ్యాకరణంలో నిర్ధారణ అంటారు. ముందు గుంపు ఏదో తేల్చుకోండి, మాట సంగతి తర్వాత. నన్నడిగితే ‘మేటి’ చాలు. పొట్టి మాట, ఆడా మగా తేడా లేదు, పొగడ్త తక్కువ కాదు.

మరో జవాబు:

పోలికే వద్దనుకుంటే అనన్వయాలంకారం ఉండనే ఉంది కదా. ‘మిక్కీ రైట్‌కు మిక్కీ రైటే సాటి’ అనేస్తే గొడవ లేదు.

మరో జవాబు:

అలంకారం బాగుంది కానీ, అది వాదన నుంచి తప్పుకోవడమే అవుతుంది. ఎవరికి వారే సాటి అంటే ఇక వ్యాసం ఎందుకు? నాకు వ్యాకరణం అంతంత మాత్రం, గోల్ఫ్ మాత్రం చాలాకాలంగా చూస్తున్నాను. పైన గుంపు గురించి అన్నమాట ఈ ఆటకు ఎంత సరిగ్గా అతుకుతుందో చూడండి.

మేజర్ టోర్నీల, అంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్దవిగా ఎంచే పోటీల, లెక్కే తీసుకుందాం. పట్టిక చూస్తే 15 మేజర్లతో ప్యాటీ బెర్గ్ అందరికన్నా పైన ఉంటుంది. వాటిలో టైటిల్‌హోల్డర్స్ 7, వెస్టర్న్ ఓపెన్ 7. ఆ రెండు మేజర్లూ ఇప్పుడు లేవు. మిగిలిన ఒక్కటి 1946లో జరిగిన మొట్టమొదటి యూఎస్ మహిళల ఓపెన్. పైగా ఆమె గెలుపుల్లో కొన్ని మహిళా వృత్తి గోల్ఫ్ సంఘం ఎల్‌పీజీఏ పుట్టిన 1950 కంటే ముందువి. ఆ విజయాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, అప్పటికి ఉన్న పెద్ద పోటీలు అవే. కానీ ఆ 15ను, అన్నికా సోరెన్‌స్టామ్ 10ని పక్కపక్కన పెట్టి పెద్ద అంకెకు దండ వేస్తే అది లెక్క అవుతుంది గానీ తారతమ్యం కాదు.

క్యాథీ విట్‌వర్త్ సంగతి దీనికి తలకిందులు. ఎల్‌పీజీఏలో ఆమె గెలిచిన టోర్నీలు 88. పురుషుల పీజీఏ టూర్‌లో శామ్ స్నీడ్, టైగర్ వుడ్స్ 82 దగ్గర ఆగారు. అన్ని గెలిచిన మనిషికి మేజర్లు ఆరే, యూఎస్ ఓపెన్ ఒక్కసారీ దక్కలేదు. దీన్ని లోపంగా చూపేవారు 1973 నుంచి 1978 వరకు ఏడాదికి రెండే మేజర్లు ఉండేవన్న సంగతి చెప్పరు. ఇప్పుడు ఐదు. గెలవడానికి మేజర్లే లేని రోజుల్లో మేజర్లు గెలవలేదనడం ఏం న్యాయం?

ఇక మిక్కీ రైట్. మొత్తం గెలుపులు 82, మేజర్లు 13. 1961 నుంచి 1964 వరకు నాలుగేళ్లలోనే 44 టోర్నీలు, అందులో 1963 ఒక్క ఏడాదిలో 13. 1961లో యూఎస్ ఓపెన్, ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్, 1962లో టైటిల్‌హోల్డర్స్, వెస్టర్న్ ఓపెన్ గెలిచి నాలుగు మేజర్ టైటిళ్లనూ ఒకేసారి చేత పట్టుకుంది. మగవాళ్లను కూడా కలుపుకొనే ఆమె స్వింగ్ తాను చూసినవాటిలో మిన్న అని గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ అన్నాడు. అంతకు ముందు తరంలో, వృత్తి క్రీడాకారిణిగా కాక అమెచ్యూర్‌గా ఆడి బ్రిటిష్ అమెచ్యూర్ టైటిల్‌ను నాలుగుసార్లు గెలిచిన జాయిస్ వెదరెడ్ గురించి మరో గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్ కూడా దాదాపు ఇలాంటి మాటే చెప్పాడు. ఆడా మగా ఎవరితో ఆడినా తనను అంత చిన్నబుచ్చిన ఆట మరొకటి చూడలేదన్నాడు. ఇద్దరూ ‘ఆడవాళ్లలో’ అనకుండా ‘అందరిలో’ అనడం గమనించండి. గుంపు మారితే పొగడ్త బరువే మారిపోతుంది.

బేబ్ జహారియాస్‌ను ఏ గుంపులో వేయాలో నాకు ఈనాటికీ తెగదు. 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 80 మీటర్ల హర్డిల్స్, జావెలిన్ త్రోలలో స్వర్ణాలు, హైజంప్‌లో రజతం. తర్వాత గోల్ఫ్‌లో 10 మేజర్లు. 1953లో క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయ్యాక, 1954 యూఎస్ ఓపెన్‌ను 12 స్ట్రోకుల (బంతిని కొట్టిన దెబ్బల) తేడాతో గెలిచింది. 1956లో 45 ఏళ్లకే పోయింది. మరో పదేళ్లు ఆడి ఉంటే అనే మాట పట్టికలకు ఎక్కదు.

ప్రశ్న అడిగినవారు:

చాలా బాగా చెప్పారు సార్. కానీ ఇలా చెప్పుకుంటూ పోతే ఎవరికీ పట్టం కట్టలేం. మీ మనసులో ఎవరున్నారు?

జవాబు:

నిలకడకు సోరెన్‌స్టామ్. 72 ఎల్‌పీజీఏ టైటిళ్లు, ఎనిమిదిసార్లు ఆ ఏటి మేటి క్రీడాకారిణి, 2001లో ఒక రౌండ్‌లో 59 స్ట్రోకులే (గోల్ఫ్‌లో ఎంత తక్కువైతే అంత గొప్ప). 2003లో పురుషుల కలోనియల్ టోర్నీలో ఆడి 71, 74 చేసి కట్ (మిగతా రౌండ్లు ఆడడానికి దాటాల్సిన గీత) దాటలేకపోయింది. దాన్ని ఓటమి పద్దులో రాసేవారితో నాకు పడదు. పైగా ఆమె ఎదుర్కొన్న ప్రత్యర్థులు ప్రపంచమంతటా ఉన్నారు. ఆస్ట్రేలియా నుంచి క్యారీ వెబ్, దక్షిణ కొరియా నుంచి పాక్ సె రి. రైట్ కాలంలో పోటీ దాదాపుగా అమెరికా వాళ్ల మధ్యే. కానీ ఆట అందుకున్న ఎత్తు మాత్రమే చూస్తే నా ఓటు రైట్‌కే. ఆ నాలుగేళ్ల వంటి కాలం మరొకరికి లేదు.

మరో కొలత కూడా ఉంది. 1998 యూఎస్ ఓపెన్‌లో పాక్ సె రి బూట్లు విప్పి నీటి గుంటలో దిగి నిలబడి, అంచున ఉన్న బంతిని బయటికి కొట్టింది. 20 హోల్స్ ప్లేఆఫ్ (సమానంగా నిలిచినవారి మధ్య జరిపే అదనపు ఆట) తర్వాత గెలిచింది. ఆమె మేజర్లు ఐదే. ఆమె గెలుపు చూసి ఆట పట్టిన తరంలోంచి వచ్చిన ఇన్‌బీ పార్క్‌కు ఏడు మేజర్లు, 2016 రియో స్వర్ణం. వీరిద్దరిలో ఎవరు గొప్ప అంటే, ముందు ‘దేనిలో’ అని అడగాలి.

మరో జవాబు:

చిన్న సంగతి. పాక్, పార్క్ కొరియా భాషలో ఒకే ఇంటిపేరు. రోమన్ లిపిలో రాసేటప్పుడు వేర్వేరుగా రాసుకున్నారు, మనం ఆ రాతలను చూసి రెండు రకాలుగా పలుకుతున్నాం. వ్యాసంలో ఒక పద్ధతి పెట్టుకుంటే మంచిది.

ప్రశ్న అడిగినవారు:

‘సార్వకాలిక’ కొట్టేశాను. వాక్యం ఇలా మార్చాను: “1950 తర్వాత ఎల్‌పీజీఏలో ఆడినవారందరిలోకెల్లా నిలకడలో సోరెన్‌స్టామ్ మేటి, ఆట ఎత్తులో మిక్కీ రైట్ మేటి.” సరిపోతుందా?

జవాబు:

వాక్యం సరే. అయితే 1950 దగ్గర గీత గీశారు కాబట్టి వెదరెడ్ పూర్తిగా బయటికి పోతుంది, బెర్గ్ మేజర్లలో సగం పోతాయి, బేబ్ 1947లో గెలిచిన బ్రిటిష్ అమెచ్యూర్ కూడా పోతుంది. ఎందుకు గీశారో తర్వాతి వాక్యంలోనే చెప్పండి, లేకపోతే చదివేవారు ముందు అడిగేది అదే.