దవడ పళ్ళ చికిత్స తరువాత కుందేలు ఎండుగడ్డి నమలడం లేదు, సలహా ఇవ్వగలరు

మేము కావలిలో ఉంటాము. సుమారు 1.8 కిలోల బరువున్న మా మగ కుందేలుకు దవడ పళ్ళ అంచులు ములుకుల్లా పెరిగి నాలుకను కోస్తుండటంతో, గత సోమవారం మత్తుమందు ఇచ్చి వాటిని అరగదీశారు. మరునాటి నుంచే కొత్తిమీర, లేత గరిక తింటున్నది కానీ, ఎండుగడ్డిని మాత్రం రెండు మూడు సార్లు నమిలి వదిలేస్తున్నది. కుందేలు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక, పీచు నమలకపోతే అవే ములుకులు మళ్ళీ వస్తాయన్నది నా భయం.

డాక్టరు గారు రాసిన మెలాక్సికామ్ అనే నొప్పి మందును ఉదయం 8 గంటలకు ఇస్తున్నాము. మధ్యాహ్నం వరకు హుషారుగానే ఉండి, సాయంత్రం 6 దాటాక గడ్డం తడిసి, పళ్ళు నూరుతూ మూలన కూర్చుంటున్నది. ఈ సంగతి డాక్టరు గారికి ఫోనులో చెప్పాము. మోతాదు విషయం వారే చూస్తారు. పెంటికలు చిన్నవయ్యాయి, ఆగిపోలేదు. నానబెట్టిన పెల్లెట్లను (గుళికల మేత) మెత్తగా చేసి, సూది లేని సిరంజితో పూటకు 20 మి.లీ. చొప్పున రోజుకు నాలుగు సార్లు పడుతున్నాము. తిమోతి గడ్డిని (కుందేళ్ళకు పెట్టే ఒక రకం ఎండుగడ్డి) సన్నగా కత్తిరించి, నీళ్ళు చిలకరించి, కొత్తిమీరతో కలిపి పెట్టినా ఆకులే ఏరుకున్నది. ఇక్కడ సులువుగా దొరికే వరిగడ్డిని వాసన కూడా చూడలేదు.

ఇటువంటి చికిత్స తరువాత మీ కుందేలు చేత మళ్ళీ ఎండుగడ్డి నమిలించడానికి ఏ పద్ధతి పనిచేసింది?