ఆటోమేటిక్ రిపేర్ దగ్గరే తిరుగుతున్న లాప్‌టాప్: ముందు ఫార్మాటా, డేటానా?

నీలిమ_కాకినాడ: నాన్నగారి లాప్‌టాప్ ఆన్ చేస్తే లోగో వస్తుంది, కింద ‘ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్’ అని పడుతుంది, ఆరిపోతుంది, మళ్ళీ మొదలు. షాపులో ఇస్తే "ఫార్మాట్ కొట్టేసి సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. పొలం కాగితాల స్కాన్లు, అమ్మ ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఒప్పుకోమంటారా?

బెంచి_రాజు (బెజవాడ, సర్వీసు షాపు): ఒప్పుకోండమ్మా. ఫార్మాట్ అంటే సీ డ్రైవ్ ఒక్కటే. డీలో ఉన్నవి కదలవు. విండోస్ ఫైళ్ళు చెడినప్పుడు స్టార్టప్ రిపేర్ అనీ, సిస్టమ్ రీస్టోర్ అనీ పూటంతా పోగొట్టుకునే బదులు కొత్తగా ఎక్కిస్తే మెషిన్ కూడా ఫాస్టవుతుంది.

వేణు_ఎస్: వద్దు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీలోనే ఉంటాయి. పెద్దవాళ్ళు సేవ్ చేసేదీ అక్కడే. పైగా ఎస్ఎస్‌డీ (చిప్‌లతో నడిచే కొత్త రకం డిస్క్) అయితే ఫార్మాట్ తర్వాత ట్రిమ్ (చెరిపేసిన చోటుని డిస్క్ తానే శుభ్రం చేసుకోవడం) నడిచిందంటే ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టినా దాదాపు లాభం ఉండదు. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్) వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా దాని నుంచే బూట్ చేసి, ఫైళ్ళు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. మిగతావి తర్వాత.

గోదారిగట్టు: ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టండి. అయిపోతుంది.

వేణు_ఎస్: లోగో, మెసేజ్ కనిపిస్తున్నాయి కదండీ. ర్యామ్ అందకపోతే స్క్రీనే రాదు.

గోదారిగట్టు: అందకపోవడం వేరు, చెడిపోవడం వేరు. చెడితే ఈ లూప్ కూడా వస్తుంది. మా ఆఫీసులో చూశాను.

బెంచి_రాజు: వేణు గారూ, ఈమధ్య చాలా లాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆనై ఉంటోంది. 48 అంకెల కీ లేకుండా మీ ఉబుంటు ఏ ఫొటో చూపిస్తుంది?

వేణు_ఎస్: కీ చాలాసార్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో లాగినై చూడొచ్చు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ వల్ల పడిపోయినవి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే, 85 లక్షల మెషిన్లు. మందేమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలు తీసెయ్యడం. బూట్ కాలేదంటే డేటా పోయినట్టు కాదు.

బెంచి_రాజు: అక్కడ నెలజీతాల ఐటీ టీములున్నాయి. నాకున్నది ఒక్క బెంచి.

వేణు_ఎస్: మా అక్క పీహెచ్‌డీ ఫీల్డ్ నోట్సంతా ఒక షాపులో ఇలాగే తుడిచేశారు. బిల్లు మీద ‘ఓఎస్ ఇన్‌స్టలేషన్’ అని రాసిచ్చారు. నోట్సేదీ అంటే "మీరు చెప్పలేదుగా" అన్నారు.

బెంచి_రాజు: ఎవడో చేసింది నా నెత్తిన రుద్దకండి. బ్యాకప్ పెట్టుకోనిది ఎవరు?

వేణు_ఎస్: అదిగో. మీ లెక్కలో తప్పెప్పుడూ కస్టమర్‌దే.

బెంచి_రాజు: నా బాధ చెప్తా వినండి. ఫార్మాట్‌కి ఐదొందలు ఇస్తారు. చావుకొచ్చిన డిస్క్ నుంచి 500 జీబీ తీయాలంటే ఒక్కోసారి రాత్రంతా కూర్చోవాలి. రెండువేలు అడిగితే "కాపీ పేస్టుకి ఇంతా?" అంటారు. లోపల ముఖ్యమైనవి ఉన్నాయా అంటే "ఏం లేవన్నా, కొట్టెయ్" అంటారు. వారం తిరక్కుండా పెళ్ళి ఫొటోలేవీ అని వస్తారు.

వేణు_ఎస్: అయితే ఆ రెండువేల సంగతి ముందే చెప్పండి, కావాలో వద్దో వాళ్ళు తేల్చుకుంటారు. నీలిమ గారు అమ్మ ఫొటోలున్నాయని చెప్పాక కూడా మీ మొదటి మాట "ఒప్పుకోండి". నా గొడవంతా దాని గురించే.

శ్రావ్య: అసలు అది ఏ రకం డిస్కో ఎవరూ అడగలేదేంటండీ?

నీలిమ_కాకినాడ: పాత హార్డ్‌డిస్కే, 1 టీబీ. ఇంట్లో ఆన్ చేసినప్పుడు లోపల టిక్ టిక్‌మని చప్పుడొచ్చింది.

బెంచి_రాజు: ఈ ముక్క ముందే చెప్పాల్సిందమ్మా. ఇంక ఆన్ చెయ్యనివ్వొద్దు. డిస్క్‌ని చదివే హెడ్డు చదవలేక కొట్టుకుంటున్నప్పుడు వచ్చే చప్పుడది. చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్క్ పరీక్ష) అసలే పెట్టనివ్వొద్దు. డిస్క్ విప్పించి రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి. వేలల్లో అడుగుతారు, రేటు ముందే రాయించుకోండి.

వేణు_ఎస్: ఉబుంటు కూడా వద్దండీ ఇప్పుడు. ముందు షాపతనికి ఫోన్ చేసి ఫార్మాట్ ఆపించండి.

నీలిమ_కాకినాడ: ఫోన్ ఎత్తట్లేదు. షాపుకే వెళ్తున్నాను.