పికో డబ్ల్యూలో ప్రోగ్రామ్ ఎక్కుతోంది, ఎల్ఈడీ మాత్రం వెలగడం లేదు

ఈసీఈ_మూడో_ఏడు:
అందరికీ నమస్తే. పోయిన వారం కోఠి వెళ్లి రాస్ప్‌బెర్రీ పై పికో డబ్ల్యూ అనే, వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు కొన్నాను. ఎల్ఈడీ బ్లింక్ చేసే చిన్న ప్రోగ్రామ్ సీ భాషలో రాసి, ఉబుంటులో సిమేక్, మేక్ (ప్రోగ్రామ్‌ని బిల్డ్ చేసే టూల్స్) కొట్టాను, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. బోర్డు మీది బూట్‌సెల్ బటన్ నొక్కిపట్టి యూఎస్‌బీ పెడితే పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తోంది, అందులో బిల్డ్‌లో వచ్చిన యూఎఫ్2 ఫైల్ వేయగానే ఆ డ్రైవ్ మాయమైపోతోంది, ఎల్ఈడీ వెలగదు. కేబుల్ మార్చి చూశాను, పది సార్లు చేశాను, అదే కథ. ఇదే ఫైల్ మా రూమ్మేట్ మామూలు పికోలో వేస్తే చక్కగా బ్లింక్ అవుతోంది! నా బోర్డు పోయినట్టేనా? మంగళవారం మినీ ప్రాజెక్ట్ రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది. కోడ్‌లో పిన్ 25 అని ఇచ్చాను.

సోల్డర్_వాసన:
బోర్డుకి ఏమీ కాలేదు తమ్ముడూ. డ్రైవ్ మాయమవడం మంచి గుర్తు, ఫైల్ మొత్తం చేరాక బోర్డు తనే రీసెట్ అయి నీ ప్రోగ్రామ్ మొదలుపెడుతుంది. బూట్‌సెల్ కోడ్ చిప్ లోపలి రోమ్‌లో, అంటే మార్చలేని మెమరీలో ఉంటుంది కాబట్టి ఎంత తప్పు ప్రోగ్రామ్ వేసినా చెరగదు, మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు.

చిక్కంతా ఆ 25 దగ్గరే. మామూలు పికోలో ఎల్ఈడీ నేరుగా ఆర్‌పీ2040 అనే మెయిన్ చిప్ జీపీఐఓ 25 పిన్‌కి ఉంటుంది. డబ్ల్యూలో ఆ పిన్‌ని వైఫై చిప్‌తో మాట్లాడటానికి వాడుకున్నారు, ఎల్ఈడీని వైఫై చిప్‌కే కలిపారు. నీ ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంది, కాకపోతే అది ఆన్ ఆఫ్ చేస్తున్న పిన్‌కి ఎల్ఈడీ లేదు.

బోర్డు పేరు చెప్పకపోతే సిమేక్ దాన్ని మామూలు పికో అనుకుంటుంది. అందుకే బిల్డ్ ఫోల్డర్ పూర్తిగా తీసేసి, సిమేక్ కొట్టేటప్పుడు పికో_బోర్డ్ విలువ పికో_డబ్ల్యూ అని ఇవ్వు. లింక్ చేసే లైబ్రరీల్లో పికో_సీవైడబ్ల్యూ43_ఆర్క్_నన్ చేర్చు (సీవైడబ్ల్యూ43 అంటే ఆ వైఫై చిప్పే). కోడ్‌లో ముందు సీవైడబ్ల్యూ43_ఆర్క్_ఇనిట్ పిలిచి, జీపీఐఓ_పుట్ బదులు సీవైడబ్ల్యూ43_ఆర్క్_జీపీఐఓ_పుట్ వాడు.

ల్యాబ్_అక్క:
పైన చెప్పింది కరెక్ట్. బోర్డు మీద ఇంకా అనుమానం ఉంటే డబ్ల్యూ కోసం ఇచ్చే మైక్రోపైథాన్ (ఇలాంటి చిన్న బోర్డుల కోసం చేసిన పైథాన్) యూఎఫ్2 వేసి, పిన్ నంబర్ బదులు ఎల్ఈడీ అన్న పేరు ఇచ్చి వెలిగించి చూడు, ఐదు నిమిషాల పని. మా ల్యాబ్‌లో పిల్లలు బోర్డు పోయిందని తెస్తే ముందు ఇదే చేయిస్తాను.

ఈసీఈ_మూడో_ఏడు:
అక్కా, మైక్రోపైథాన్‌లో వెలిగింది, ప్రాణం లేచొచ్చింది! కానీ సీలో అన్న చెప్పినట్టు మార్చితే ఆ పికో_సీవైడబ్ల్యూ43_ఆర్క్_నన్ దొరకలేదని లింకర్ ఎర్రర్ వస్తోంది. హాస్టల్ నెట్ స్లో అని పికో ఎస్‌డీకేని (బోర్డుకి ప్రోగ్రామ్ రాయడానికి ఇచ్చే లైబ్రరీల కట్ట) గిట్‌హబ్ నుంచి జిప్‌గా దించుకున్నాను, దానివల్లనా?

సోల్డర్_వాసన:
దానివల్లే. జిప్‌లో సబ్‌మాడ్యూల్స్ (వేరే చోట ఉండి ఎస్‌డీకేకి జత చేసిన ప్రాజెక్టులు) రావు, వైఫై చిప్ డ్రైవర్ వచ్చేది సబ్‌మాడ్యూల్‌గానే. సిమేక్ అవుట్‌పుట్ పైకి జరిపి చూడు, ఆ సబ్‌మాడ్యూల్ లేదని వార్నింగ్ ఉంటుంది, ఎర్రర్ కాదు కాబట్టి అందరం దాటేసి పోతాం. ఎస్‌డీకేని గిట్ క్లోన్‌తో తెచ్చుకుని, లోపలికెళ్లి గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ ఇనిట్ కొట్టు. నెట్ స్లో అయితే ప్రస్తుతానికి లిబ్ ఫోల్డర్‌లోని సీవైడబ్ల్యూ43 డ్రైవర్ ఒక్కటి చాలు, నెట్‌వర్క్ వాడేటప్పుడు ఎల్‌డబ్ల్యూఐపీ అనే నెట్‌వర్క్ లైబ్రరీ కూడా కావాలి. తర్వాత బిల్డ్ ఫోల్డర్ మళ్లీ తీసేయడం మర్చిపోకు.

ఈసీఈ_మూడో_ఏడు:
వెలిగింది అన్నా!! రాత్రి ఒంటిగంటకి రూమ్మేట్‌ని లేపి మరీ చూపించాను. ఒక్క డౌట్, యూఎఫ్2 ఫైల్ ఇంతకు ముందుకన్నా చాలా పెద్దగా వచ్చింది, ఉత్త ఎల్ఈడీకి అంత సైజు ఎందుకు?

ల్యాబ్_అక్క:
వైఫై చిప్‌కి దాని సొంత ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) కావాలి, అది నీ ఫైల్‌లోనే కలిసి వస్తుంది. పవర్ పోతే ఆ చిప్‌కి ఏదీ గుర్తుండదు, అందుకే ఆన్ చేసిన ప్రతిసారీ ఇనిట్ ఫంక్షన్ దాన్ని ఎక్కిస్తుంది. ఫ్లాష్ 2 ఎంబీ ఉంది, నీ ప్రాజెక్ట్‌కి ఇంకా బోలెడు చోటు.