'మిస్డ్ టు అటాచ్' తప్పా? 'మిస్' ఎక్కడెక్కడ ఎలా వాడాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. మా తమ్ముడు కొత్తగా ఉద్యోగంలో చేరాడు. క్లయింట్‌కి మెయిల్ పంపుతూ ఫైల్ పెట్టడం మరిచిపోయాడు. వెంటనే 'సారీ, ఐ మిస్డ్ టు అటాచ్ ద ఫైల్' అని ఇంకో మెయిల్ కొట్టాడు. అది తప్పు ఇంగ్లిష్ అని టీమ్ లీడ్ అన్నారట, ఎందుకో మాత్రం చెప్పలేదట. మనం రోజూ మిస్సయ్యాననే అంటాం కదా? 'మిస్'కి ఉన్న అర్థాలు, దాని బదులు వాడే మాటలు ఎవరైనా వివరంగా చెబితే వాడికి చూపిస్తాను.

జవాబు:
టీమ్ లీడ్ చెప్పింది నిజమేనండీ. 'మిస్' తర్వాత 'టు' పెట్టి ఇంకో క్రియ రాయరు. అక్కడ రావలసింది 'ఐ ఫర్గాట్ టు అటాచ్ ద ఫైల్'. పోనీ 'మిస్డ్ అటాచింగ్' అంటే సరిపోతుందా అంటే, వ్యాకరణం కుదిరినా చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. 'మిస్' పక్కన 'ఇంగ్' వచ్చిందంటే ఎక్కువగా బెంగ గురించే. 'ఐ మిస్ లివింగ్ ఇన్ వరంగల్' అంటే వరంగల్‌లో ఉన్న రోజులు గుర్తొస్తున్నాయని. మరిచిపోయిన పనికి 'ఫర్గాట్' ఒక్కటే వాడమనండి, గొడవుండదు.

ఈ తప్పులకు అసలు కారణం మన 'మిస్ అవడం'. తెలుగులో 'బస్సు మిస్సయింది' అంటాం, 'నేను బస్సు మిస్సయ్యాను' అని కూడా అంటాం. రెండూ చెల్లుతాయి. ఇంగ్లిష్‌లో మాత్రం అందుకోలేకపోయిన మనిషే కర్త: 'ఐ మిస్డ్ ద బస్'. 'ద బస్ గాట్ మిస్డ్' అనకూడదు. వస్తువు పోయినప్పుడూ ఇదే తంతు. 'మై బ్యాగ్ గాట్ మిస్డ్' అని మన ఆఫీసుల్లో తెగ వినిపిస్తుంది. 'మై బ్యాగ్ ఈజ్ మిస్సింగ్' అనాలి. పేపర్లలో 'విద్యార్థి అదృశ్యం' అని రాస్తారు చూడండి, ఆ అదృశ్యమే ఈ 'మిస్సింగ్'. ఎక్కడో పోగొట్టుకున్నామని తెలిస్తే 'ఐ హ్యావ్ లాస్ట్ మై బ్యాగ్'. కానీ రైలు తప్పిపోతే 'ఐ లాస్ట్ ద ట్రెయిన్' అనకూడదు, అది మన జేబులోంచి జారిపడలేదు కదా!

అర్థాల్లో మొదటిది గురి తప్పడం. క్రికెట్ కామెంటరీలో 'ద బాల్ మిస్డ్ ద స్టంప్స్' అంటే బంతి వికెట్లకు తగలకుండా పోయిందని. క్లాసుకో మీటింగుకో వెళ్లలేకపోవడం ఇంకొకటి. ఇక్కడ 'స్కిప్'తో తేడా తెలియాలి. కావాలని మానేస్తే 'స్కిప్', కుదరక పోతే 'మిస్'. ట్రాఫిక్‌లో ఇరుక్కుని మీటింగుకి అందకపోయినవాడు 'ఐ స్కిప్డ్ ద మీటింగ్' అని రాస్తే తనమీద తనే చాడీ చెప్పుకున్నట్టు. కంటికి ఆనకపోవడం కూడా 'మిస్సే'. 'ఐ మిస్డ్ యువర్ మెసేజ్' అంటే మెసేజ్ చూసుకోలేదని. మెయిళ్లలో దీనికి బదులు 'ఓవర్‌లుక్' వాడొచ్చు, కాస్త మర్యాదగా ఉంటుంది.

'మిస్ అవుట్' వేరు. మంచి అవకాశం చేజారితే 'మిస్ అవుట్ ఆన్' అంటారు. బస్సుకి అది వాడరు. బ్రిటన్‌లో రాసేటప్పుడు ఒక పదం వదిలేసినా 'మిస్ అవుట్' అంటారు, అమెరికాలో దానికి 'లీవ్ అవుట్'.

ఇంకో మాట. 'మిస్డ్' పలకడంలో చివర 'ట్' వస్తుంది, మంచు అనే 'మిస్ట్' లాగే. ఇంటర్వ్యూల్లో 'మిస్సెడ్' అని పలికేవాళ్లను చాలామందిని విన్నాను.

మరొకరి ప్రశ్న:
అన్నా, మరి 'ఐ మిస్ యూ'ని తెలుగులో ఏమంటాం? మా పాప హాస్టల్ నుంచి రోజూ అదే మెసేజ్ పెడుతోంది. జవాబు తెలుగులో రాద్దామంటే మాట దొరకట్లేదు.

జవాబు:
'నీమీద బెంగగా ఉంది తల్లీ' అని రాయండి, అంతకంటే సరిపోయే మాట నాకు తెలీదు. పెద్దవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేటప్పుడు 'నువ్వు బాగా గుర్తొస్తున్నావు' అంటే సరి. 'నీ లోటు తెలుస్తోంది' కాస్త బరువైన మాట, వీడ్కోలు సభలకు బాగుంటుంది. ఇంగ్లిష్‌లో 'లాంగ్ ఫర్', 'యెర్న్ ఫర్' ఉన్నాయి గానీ అవి కవిత్వంలో ఇమిడినట్టు వాట్సాప్‌లో ఇమడవు.

కాలం మార్చితే మాత్రం జాగ్రత్త. 'ఐ మిస్డ్ యూ' అంటే ఇన్నాళ్లూ నీకోసం బెంగపడ్డాననీ కావచ్చు, నువ్వు వచ్చినప్పుడు నేను లేను, కలవలేకపోయాననీ కావచ్చు. సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి.

మొదట అడిగినవారు:
చాలా థాంక్సండీ, మొత్తం వాడికి పంపించాను. ఇప్పుడు వాడిదే ఇంకో డౌటు: అమెరికా క్లయింట్‌తో 'గివ్ మీ ఎ మిస్డ్ కాల్' అనొచ్చా?

జవాబు:
అనకపోవడమే మంచిది. ఎత్తని ఫోను 'మిస్డ్ కాల్' అని వాళ్లకీ తెలుసు, ఫోన్ తెరమీద అదే కనిపిస్తుంది. కానీ ఎత్తొద్దనే ఒప్పందంతో రింగిచ్చి కట్ చేయడం, దాన్ని 'ఇవ్వడం' అనడం మన వైపు అలవాటు. అవతలి వాళ్లకి 'రింగ్ మీ వన్స్ అండ్ హ్యాంగ్ అప్' అని చెబితే అర్థమవుతుంది. నంబర్ సేవ్ చేసుకోవడానికే అయితే 'టెక్స్ట్ మీ యువర్ నంబర్' అంటే చాలు.