టర్బో పెట్టే బీటిల్ ఇంజిన్‌కి ఏ క్యామ్‌షాఫ్ట్ తీసుకోవాలి?

అందరికీ నమస్కారం. 1967 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి 1776 సీసీ ఇంజిన్ కడుతున్నాను. 90.5 ఎంఎం పిస్టన్లు, 69 ఎంఎం స్ట్రోకు, కంప్రెషన్ 7.5. చిన్న టర్బోతో 8 నుంచి 10 పీఎస్ఐ బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే అదనపు గాలి ఒత్తిడి) చాలు. రేసులకి కాదు, రోజూ తిప్పుకోవడానికే. హైవే మీద ఎత్తు ఎక్కేటప్పుడు 2500 ఆర్‌పీఎం నుంచే బండి లాగాలి.

క్యామ్ (వాల్వుల్ని తెరిపించే షాఫ్టు) దగ్గరే ఆగిపోయాను. ఎంగల్ కంపెనీ డబ్ల్యూ 100 క్యామ్ డ్యురేషన్ (క్రాంక్ తిరిగే డిగ్రీల్లో వాల్వు ఎంతసేపు తెరిచి ఉంటుందో ఆ లెక్క) 276 డిగ్రీలు, డబ్ల్యూ 110ది 284. టర్బో లేకపోతే కళ్లు మూసుకుని 110 తీసుకునేవాణ్ణి. కానీ టర్బైన్ ముందు ఎగ్జాస్ట్ ప్రెషర్ బూస్ట్‌ని మించితే, రెండు వాల్వులూ కలిసి తెరుచుకున్న ఆ కాస్త సేపట్లో కాలిన గ్యాసు మళ్లీ సిలిండర్‌లోకే తన్నుకొస్తుంది కదా. ఎయిర్‌కూల్డ్ హెడ్‌కి ఆ వేడి తట్టుకోవడం కష్టం. పాత మోడల్ కాబట్టి ఆయిల్ కూలర్ గాలికి అడ్డుండే మూడో సిలిండర్ గురించి మరీ భయం. అందుకే లోబ్ సెపరేషన్ (క్యామ్ మీద ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబుల మధ్య కోణం; ఇది పెరిగితే రెండు వాల్వులూ కలిసి తెరిచుండే సమయం తగ్గుతుంది) 108 బదులు 112 డిగ్రీలు ఉండేలా గ్రైండ్ చేయించడమే మేలనిపిస్తోంది.

ఇలాంటి ఇంజిన్ నడిపినవాళ్లు దయచేసి చెప్పండి. డబ్ల్యూ 100తో 5000 దాటాక ఊపు పడిపోతుందా? 112కి వెళ్తే కింద లాగుడు తగ్గిందా? వాల్వ్ స్ప్రింగులు సింగిల్ హెవీ డ్యూటీ సరిపోతాయా, డ్యూయల్ వేయాలా? మీ హెడ్ టెంపరేచర్ ఎంత వచ్చిందో కూడా రాస్తే పెద్ద సాయం.